కార్లైల్ 1912 సీజన్: ఆ 504 పాయింట్లూ జిమ్ థోర్ప్ ఒక్కడివేనా?

హారిస్‌బర్గ్_తెలుగోడు
అందరికీ నమస్కారం. పోయిన అక్టోబర్‌లో ఆకుల రంగులు చూద్దామని పిల్లల్ని తీసుకుని జిమ్ థోర్ప్ ఊరికి వెళ్లాం. పెన్సిల్వేనియాలో ఉండే మనవాళ్లలో చాలామందికి ఆ ఊరు తెలుసు. కొండలు, నది, పాత రైలు స్టేషన్. ఊరికి మనిషి పేరేమిటని మా పెద్దమ్మాయి అడిగింది. నాకు జవాబు తెలియలేదు. ఇంటికొచ్చాక చదవడం మొదలుపెట్టాను, రెండు నెలలైనా ఆపలేకపోతున్నాను.

జిమ్ థోర్ప్ ఒక గొప్ప ఆటగాడు, ఓక్లహోమాలో పుట్టిన సాక్ అండ్ ఫాక్స్ అనే అమెరికా ఆదివాసీ తెగ మనిషి. ఆ ఊరి అసలు పేరు మాక్ చంక్. 1953లో ఆయన పోయాక, మూడో భార్యతో ఒప్పందం చేసుకుని ఆ ఊరు ఆయన దేహాన్ని తెచ్చుకుని సమాధి కట్టింది, తన పేరు కూడా మార్చుకుంది. ఆయన చదివింది, ఆడింది మాత్రం కార్లైల్‌లో. అది మా ఇంటికి అరగంట దూరం. రోజూ ఆ ఎగ్జిట్ బోర్డు చూస్తూనే ఆఫీసుకి వెళ్తాను.

నా ప్రశ్న ఏంటంటే, 1912లో కార్లైల్ ఇండియన్ స్కూల్ జట్టు (ఇది అమెరికన్ ఫుట్‌బాల్, మన ఫుట్‌బాల్ కాదు) 14 మ్యాచ్‌లు ఆడి 12 గెలిచింది, మొత్తం 504 పాయింట్లు చేసింది. ఒకటి డ్రా, ఒకటి ఓటమి. ఎక్కడ చదివినా అంతా థోర్ప్ ఒక్కడే చేసినట్టు రాశారు. పదకొండు మంది ఆడే ఆటలో అది నిజమేనా? పాత ఆటల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

పాత_స్కోరుకార్డు
మంచి ప్రశ్న అడిగారు. ముందు ఆ సీజన్ మొత్తం ఒకసారి చూద్దాం.

సెప్టెంబర్ 21న ఆల్‌బ్రైట్ మీద 50–7తో మొదలైంది. తర్వాత లెబనాన్ వ్యాలీ మీద 45–0, డికిన్సన్ మీద 34–0, విలనోవా మీద 65–0. అక్టోబర్ 5న వాషింగ్టన్ అండ్ జెఫర్సన్‌తో 0–0. ఆ రోజు థోర్ప్ ఫీల్డ్ గోల్ కిక్కులు (గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నేవి) ఒక్కటీ పడలేదు. అంతకుముందు ఏడాది తమను ఒక్క పాయింట్ తేడాతో ఓడించిన సిరక్యూస్‌ను ఈసారి 33–0తో కొట్టారు. పిట్స్‌బర్గ్ మీద 45–8, జార్జ్‌టౌన్ మీద 34–20, టొరంటోలో 49–1, లీహై మీద 34–14, వెస్ట్ పాయింట్‌లో ఆర్మీ మీద 27–6. నవంబర్ 16న పెన్సిల్వేనియా యూనివర్సిటీ చేతిలో 26–34తో ఓటమి. తర్వాత స్ప్రింగ్‌ఫీల్డ్ మీద 30–24, చివరగా థాంక్స్‌గివింగ్ రోజున బ్రౌన్ మీద 32–0.

కూడితే చేసినవి 504, ఇచ్చినవి 114. సెప్టెంబర్ 21 నుంచి నవంబర్ 28 వరకు 69 రోజుల్లో 14 మ్యాచ్‌లు. పెద్ద మ్యాచ్‌లు దాదాపు అన్నీ బయటి ఊళ్లలోనే. అక్టోబర్ 26న వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్‌తో ఆడి, రెండు రోజులు తిరిగేసరికి టొరంటోలో మైదానంలో ఉన్నారు. అదీ రైలు మీద.

థోర్ప్ వాటా: మామూలుగా చెప్పే లెక్క 25 టచ్‌డౌన్‌లు, 198 పాయింట్లు. పాత పత్రికల్లో ఒక్కో మ్యాచ్ వెతికినవాళ్లు ఇంకొంచెం ఎక్కువే అంటారు. 198 అనే తీసుకున్నా 504లో ఐదింట రెండు వంతులు. ఒక్క మనిషికి అది అసాధారణం. కానీ మిగతా మూడు వంతులు చేసిందెవరు అన్నదే మీ ప్రశ్న అనుకుంటాను. ఆర్మీ మ్యాచ్ గురించి విడిగా రాస్తాను, రాత్రికి టైమ్ దొరుకుతుంది.

కృష్ణా_తీరం
అన్నా, నాకు క్రికెట్ తప్ప ఏమీ తెలియదు. ఈ స్కోర్లు చూస్తే అసలు అర్థం కావట్లేదు. టొరంటో 1 ఏంటి? ఒక్క పాయింట్ ఎలా వస్తుంది?

పాత_స్కోరుకార్డు
@కృష్ణా_తీరం ఆ 1 అమెరికన్ పద్ధతిలో వచ్చేది కాదు. కెనడా వాళ్ల ఆటలో, తన్నిన బంతిని అవతలి జట్టు తన గోల్ వెనక నుంచి బయటికి తేలేకపోతే ఒక్క పాయింట్ ఇస్తారు. కార్లైల్ వాళ్లు ఆ మ్యాచ్‌లో కెనడా నియమాలతో కూడా ఆడారు. కొంత ఆట తమది కాని నియమాలతో ఆడి కూడా 49–1.

ఆట సంగతి తేలిగ్గా చెప్తాను. ఓవర్‌కి ఆరు బంతులు ఉన్నట్టు ఇక్కడ నాలుగు ప్రయత్నాలు ఉంటాయి, వాటిని డౌన్‌లు అంటారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకెళ్తే మళ్లీ నాలుగు ఇస్తారు. వెళ్లకపోతే బంతి అవతలివాళ్లది. బంతితో చివరి గీత దాటితే టచ్‌డౌన్, దాని తర్వాత కిక్ పడితే ఇంకో పాయింట్. ఫీల్డ్ గోల్‌కి మూడు. 1911 దాకా మూడే డౌన్‌లు, టచ్‌డౌన్‌కి ఐదు పాయింట్లే. నాలుగో డౌన్, ఆరు పాయింట్లు 1912లోనే వచ్చాయి. మైదానం పొడవు 110 గజాల నుంచి 100కి తగ్గింది. పాస్ 20 గజాలు మించకూడదన్న నిబంధన కూడా ఆ ఏడాదే తీసేశారు. అంటే పరుగెత్తగలిగే, పాస్ వేయగలిగే జట్టుకి ఆ ఏడాది తలుపులు తెరుచుకున్నాయి. అప్పటికి కార్లైల్ అలాంటి జట్టే.

అంతకుముందు ఈ ఆట ఎలా ఉండేదంటే, గుంపుగా చేతులు కలుపుకుని ఎదుటివాళ్ల మీద పడటమే. 1905లో ఆటలో చనిపోయినవాళ్లు 20కి దగ్గరగా ఉన్నారు. ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లను వైట్ హౌస్‌కి పిలిచి మాట్లాడాల్సి వచ్చింది. 1906లో బంతిని ముందుకు విసరడానికి అనుమతి ఇచ్చారు. పెద్ద యూనివర్సిటీలు చాలావరకు ఆ పాస్‌ను అనుమానంగా చూశాయి. కార్లైల్ మాత్రం 1907లోనే దాన్ని ఆయుధం చేసుకుని, పెన్సిల్వేనియా జట్టును దాని సొంత మైదానంలో 26–6తో ఓడించింది.

వెన్నెల_కిన్నెర
స్కోర్ల మధ్యలో ఒక మాట చెప్పనివ్వండి. 'కాలేజీ జట్టు' అంటున్నాం కానీ కార్లైల్ కాలేజీ కాదు. పాత మిలిటరీ బ్యారక్స్‌లో 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైన్యాధికారి పెట్టిన ప్రభుత్వ బోర్డింగ్ స్కూల్. చిన్నప్పుడు పుస్తకాల్లో మనం 'రెడ్ ఇండియన్లు' అని చదువుకున్న ప్రజల పిల్లల్ని వేల మైళ్ల నుంచి రైళ్లలో తెచ్చి అక్కడ ఉంచారు. దిగగానే జుట్టు కత్తిరించేవాళ్లు. లకోటా వాళ్లలో ఇంట్లో మనిషి పోతే జుట్టు తీస్తారు. ఆ పిల్లలు ఎవరు పోయారా అని ఏడ్చారు. వచ్చిన బట్టలు తీసేసి యూనిఫారం ఇచ్చేవాళ్లు, పేరు మార్చేవాళ్లు. తల్లిభాష మాట్లాడితే శిక్ష. పిల్లవాడిలో ఉన్న ఇండియన్‌ని చంపితేనే మనిషిని కాపాడినట్టు అని ప్రాట్ బహిరంగంగానే చెప్పాడు.

నేను భాషా టీచర్‌ని. అందుకే ఈ జట్టు పేర్లు చదువుతుంటే నాకు ఆటకంటే ఇదే ముందు తగిలింది. థోర్ప్‌ది సాక్ అండ్ ఫాక్స్. క్వార్టర్‌బ్యాక్ (మైదానంలో ఆట నడిపించేవాడు) గస్ వెల్చ్ విస్కాన్సిన్ నుంచి వచ్చిన ఒజిబ్వే. జో గయాన్ మిన్నెసోటా వైట్ ఎర్త్ ఒజిబ్వే. 'పాసమ్' పవెల్ నార్త్ కరోలినా చెరోకీ. అలెక్స్ అర్కాసా వాషింగ్టన్ రాష్ట్రంలోని కాల్విల్ నుంచి. ఇంట్లో మాట్లాడిన భాషలు వేరు, ఒకరిది ఒకరికి తెలియదు. తమ భాషను లాక్కుని చేతిలో పెట్టిన ఇంగ్లిషులోనే వీళ్లు ఒకరికొకరు ఎత్తుగడలు చెప్పుకున్నారు.

కృష్ణా_తీరం
అక్కా, ఇది చదివాక స్కోర్లు మళ్లీ పైనుంచి చదివాను. 65–0 అన్నది ఇప్పుడు వేరేలా కనిపిస్తోంది.

పాత_స్కోరుకార్డు
మాటిచ్చినట్టు ఆర్మీ మ్యాచ్. నవంబర్ 9, 1912, వెస్ట్ పాయింట్.

ఎదురుగా ఉన్నది అమెరికా సైన్యానికి ఆఫీసర్లను తయారుచేసే అకాడమీ. ఊండెడ్ నీ దగ్గర లకోటా వాళ్లను సైన్యం కాల్చి చంపింది 1890 డిసెంబర్‌లో. అంటే ఈ మ్యాచ్ నాటికి 22 ఏళ్లు కూడా కాలేదు. ఈ కుర్రాళ్లలో చాలామంది దానికి కాస్త ముందూ వెనకా పుట్టినవాళ్లు. కోచ్ పాప్ వార్నర్ మ్యాచ్‌కి ముందు సరిగ్గా ఆ సంగతే గుర్తుచేశాడని చెబుతారు. ఆయన చెప్పినా చెప్పకపోయినా, అది వాళ్లకి ఒకరు గుర్తుచేయాల్సిన విషయం కాదు.

ఆ రోజు కార్లైల్ కొత్త వరసలో నిలబడింది. బంతి పట్టుకుని పరుగెత్తే హాఫ్‌బ్యాక్‌లు ఇద్దరూ మామూలుగా క్వార్టర్‌బ్యాక్ వెనక ఉంటారు. వార్నర్ వాళ్లను ముందు నిలబడే లైన్‌కి రెండు చివర్లకీ, కొంచెం బయటికి జరిపాడు. దాన్ని డబుల్ వింగ్ అంటారు. దీనివల్ల బంతి ఎవరి చేతికి వెళ్తుందో ఎదుటివాడికి అంతుపట్టదు. ఎడమ చివరనున్నవాడు లోపలికి పరుగెత్తుకొచ్చి బంతి అందుకుని కుడివైపుకి పోవచ్చు, అందుకున్నట్టు నటించి వదిలేయనూ వచ్చు. పాస్ పట్టుకోవడానికి ఒకేసారి నలుగురు దూసుకెళ్లచ్చు. గుంపుగా మీద పడటానికి అలవాటుపడ్డ బరువైన జట్టుకి ఇది పీడకల. ఆర్మీ వాళ్లు కార్లైల్ వాళ్లకంటే బాగా బరువు.

ముందు ఆర్మీయే టచ్‌డౌన్ చేసింది, కిక్ తప్పింది. 6–0. తర్వాత జో బెర్గీ టచ్‌డౌన్, థోర్ప్ కిక్. హాఫ్‌టైమ్‌కి 7–6. అప్పటిదాకా ఎవరిదైనా కావచ్చు. రెండో సగంలో కార్లైల్ ఇంకో మూడు టచ్‌డౌన్‌లు చేసి 27–6తో ముగించింది. ఆర్మీ కెప్టెన్ లీలండ్ డెవోర్ తన ఎదుట నిలబడ్డ జో గయాన్ ఆటకి ఓపిక నశించి అతని మీద దాడి చేస్తే, రిఫరీ బయటికి పంపేశాడు.

ఇప్పుడు మీ ప్రశ్నకి జవాబు. ఆ నాలుగు టచ్‌డౌన్‌లలో థోర్ప్‌వి ఎన్ని? ఒక్కటీ లేదు. ఒకటి బెర్గీది, మూడు అలెక్స్ అర్కాసావి. థోర్ప్ పేరు మీద ఉన్నవి కిక్కుల మీద వచ్చిన మూడు పాయింట్లు.

గజాలలెక్క
ఇక్కడ కొంచెం విభేదిస్తాను. థోర్ప్ పంట్ (ఎదుటివాళ్లు దూరంగా తన్నిన బంతి) పట్టుకుని మొత్తం మైదానం పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడని, పెనాల్టీ వల్ల అది చెల్లలేదని, వెంటనే మళ్లీ అలాగే 97 గజాలు పరుగెత్తాడని చాలాచోట్ల ఉంది కదా?

పాత_స్కోరుకార్డు
@గజాలలెక్క ఉంది, కానీ తర్వాత పెరిగిన కథ అది. ఒక పంట్ రిటర్న్ టచ్‌డౌన్ పెనాల్టీతో చెల్లకుండా పోయింది, అంతవరకు నిజం. దాని పొడవు 45 గజాలు. రెండో పరుగు స్కోరులో లేదు. 27ని విడగొట్టి చూడండి: నాలుగు ఆర్లు 24, మూడు కిక్కులు 3. థోర్ప్ టచ్‌డౌన్‌కి అందులో చోటే లేదు.

అలాగని ఆయన ఆ రోజు ఆడలేదని కాదు. ఆర్మీ వాళ్ల కళ్లన్నీ ఆయన మీదే. పరుగులు బాగా తీశాడు, కిక్కులతో ఎదుటి జట్టును వెనక్కి నెట్టాడు. ఆయన వెనక ఇద్దరు ముగ్గురు పడితే అర్కాసాకి దారి దొరికింది. ఇద్దరి గొప్పా అందులో ఉంది.

రెండు వారాల తర్వాత స్ప్రింగ్‌ఫీల్డ్ మీద చేసిన 30 పాయింట్లూ థోర్ప్‌వే. నాలుగు టచ్‌డౌన్‌లు, మూడు కిక్కులు, ఒక ఫీల్డ్ గోల్. ఆయన ఒంటిచేత్తో గెలిపించిన మ్యాచ్‌ని జనం మరిచిపోయారు. జట్టంతా కలిసి గెలిచిన మ్యాచ్‌ని ఆయన పేరు మీద గుర్తుపెట్టుకున్నారు.

డల్లాస్_రాజు
ఆర్మీ మ్యాచ్‌లో ఐసెన్‌హోవర్ కూడా ఉన్నాడు కదా, తర్వాత ప్రెసిడెంట్ అయినాయన. థోర్ప్‌ని ఆపబోయి మోకాలు విరగ్గొట్టుకున్నాడని మా మేనేజర్ ఒకసారి చెప్పాడు.

గజాలలెక్క
@డల్లాస్_రాజు ఇది నేను చెప్పగలను. ఉన్నాడు. థోర్ప్‌ని ఇద్దరూ కలిసి పడగొట్టాలని ఐసెన్‌హోవర్, ఇంకో ఆటగాడు ఒకేసారి దూకితే ఆయన చటుక్కున ఆగిపోయాడని, వీళ్లిద్దరూ ఒకరికొకరు గుద్దుకున్నారని చెప్పుకుంటారు. మోకాలు దెబ్బతిన్నది మాత్రం ఆ రోజు కాదు. వారం తర్వాత టఫ్ట్స్ కాలేజీతో ఆడుతూ. ఆయన ఆట దాంతోనే ఆగిపోయింది. థోర్ప్ లాంటివాణ్ని మళ్లీ చూడలేదని తర్వాతి కాలంలో ఐసెన్‌హోవరే చాలాసార్లు అన్నాడు.

పాత_స్కోరుకార్డు గారూ, 97 గజాల విషయంలో మీరన్నదే కరెక్ట్. కూడి చూశాను.

గోల్కొండ_కుర్రాడు
నాకు ఇది చదువుతుంటే మోహన్ బగాన్ గుర్తొచ్చింది. జులై 29, 1911. కలకత్తాలో ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్‌లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ మీద 2–1. మనవాళ్లలో ఒక్కరు తప్ప అందరూ వట్టి కాళ్లతో ఆడారు. ఇది జరిగిన పదిహేను నెలలకి అక్కడ వెస్ట్ పాయింట్ మ్యాచ్. ఆట వేరు, దేశం వేరు. కానీ ఎదురుగా ఉన్నది సైన్యం జట్టు, ఆట వాళ్లది, నియమాలు వాళ్లవి.

వెన్నెల_కిన్నెర
@గోల్కొండ_కుర్రాడు పోలిక బాగుంది తమ్ముడూ, ఒక్క తేడా మాత్రం ఉంది. మోహన్ బగాన్ వాళ్లు గెలిచి సొంత ఊళ్లోకి, సొంత జనంలోకి వెళ్లారు. వీళ్లు గెలిచి మళ్లీ ఆ బ్యారక్స్‌కే వెళ్లారు.

డల్లాస్_రాజు
మరి కోచ్ వార్నర్ సంగతి? అంత గొప్ప ఎత్తుగడలు కనిపెట్టినాయన ఈ పిల్లలకి మంచే చేసినట్టు కదా?

పాత_స్కోరుకార్డు
ఎత్తుగడల్లో ఆయన మేధావి, అందులో అనుమానం లేదు. 1903లో హార్వర్డ్ మీద చేసింది చూడండి. ఒక ఆటగాడి జెర్సీకి కింది అంచున ఎలాస్టిక్ కుట్టించాడు. రెండో సగం మొదలవుతూనే హార్వర్డ్ తన్నిన బంతిని పట్టుకుని కార్లైల్ వాళ్లంతా గుంపుగా చుట్టూ చేరారు. గుంపులో బంతి చార్లీ డిలన్ వీపు మీద, జెర్సీ లోపలికి దూరింది. గుంపు విడిపోయింది. ఒక్కొక్కరూ బంతి తమ దగ్గరే ఉన్నట్టు పొట్ట దగ్గర చేతులు పెట్టుకుని పరుగు. డిలన్ మాత్రం రెండు చేతులూ ఖాళీగా ఊపుకుంటూ పరుగెత్తాడు. అతన్ని ఎవరూ పట్టించుకోలేదు. గీత దాటాక ఒకడొచ్చి వీపులోంచి బంతి లాగి నేల మీద పెట్టాడు. అప్పటికి 11–0. చివరికి హార్వర్డ్ 12–11తో గెలిచిందనుకోండి, కానీ జనం గుర్తుపెట్టుకున్నది ఆ వీపునే.

మనిషిగా మాత్రం వేరే సంగతి. 1914లో అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) కమిటీ స్కూల్ మీద విచారణ జరిపింది. అది జరిగేలా రెండు వందల మందికి పైగా విద్యార్థుల చేత సంతకాలు పెట్టించింది ఎవరో తెలుసా? ఆర్మీ మ్యాచ్ నడిపించిన క్వార్టర్‌బ్యాక్ గస్ వెల్చ్. కోచ్ తిడతాడని, కొడతాడని, ఆయనలో నీతి లేదని కమిటీ ముందే చెప్పాడు. మ్యాచ్‌ల టికెట్ల డబ్బు ఎటు పోయిందన్నదీ విచారణలోకి వచ్చింది. ఆ 1914 సీజన్ అయ్యాక వార్నర్ పిట్స్‌బర్గ్ వెళ్లిపోయాడు. నాకు ఆర్మీ మీద గెలుపుకంటే వెల్చ్ ఆ కమిటీ ముందు నిలబడటమే పెద్ద ధైర్యంగా అనిపిస్తుంది.

కృష్ణా_తీరం
థోర్ప్ ఒలింపిక్ పతకాలు వెనక్కి తీసుకున్నది కూడా ఈ టైమ్‌లోనేనా?

గజాలలెక్క
అవును, ఈ సీజన్‌కి అటూ ఇటూ అదే. 1912 జులైలో స్టాక్‌హోమ్‌లో పెంటాథ్లాన్ (ఐదు పోటీలు కలిపినది), డెకాథ్లాన్ (పది కలిపినది) రెండూ గెలిచాడు. అదే స్కూల్ నుంచి వెళ్లిన హోపి కుర్రాడు లూయిస్ టెవానిమా 10,000 మీటర్లలో వెండి పతకం తెచ్చాడు. ఆ గెలుపుల తర్వాత రెండు నెలలకే ఫుట్‌బాల్ సీజన్. అది ముగిశాక, 1913 జనవరిలో వుస్టర్‌లోని ఒక పత్రిక, థోర్ప్ 1909, 1910 వేసవుల్లో నార్త్ కరోలినాలో డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడని రాసింది. కాలేజీ కుర్రాళ్లు చాలామంది వేసవిలో దొంగ పేర్లతో అదే పని చేసేవాళ్లు. ఈయన సొంత పేరుతో ఆడాడు. పతకాలు తీసేసుకున్నారు. ఒలింపిక్ నిబంధన ప్రకారం అభ్యంతరం 30 రోజుల్లో రావాలి. వచ్చింది ఆరు నెలల తర్వాత. అయినా ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

1982లో ఒలింపిక్ కమిటీ మనసు మార్చుకుంది, 1983లో నకలు పతకాలు ఆయన పిల్లలకి ఇచ్చారు. అయినా రికార్డుల్లో 'ఉమ్మడి విజేత' అనే ఉంచారు. ఆయన ఒక్కడే విజేత అని రాసింది 2022 జులైలో. 110 ఏళ్లు పట్టింది.

హారిస్‌బర్గ్_తెలుగోడు
ఇన్ని రోజులూ చదువుతూనే ఉన్నాను, జవాబు రాయడానికి మాట రాలేదు. పోయిన ఆదివారం కార్లైల్ వెళ్లాం. స్కూల్ 1918లో మూసేశారు, ఆ బ్యారక్స్‌లో ఇప్పుడు ఆర్మీ వార్ కాలేజీ ఉంది. అక్కడ చదువుతూ చనిపోయిన పిల్లల సమాధులు రోడ్డు పక్కనే ఉన్నాయి. 1927లో అసలు చోటు నుంచి తీసుకొచ్చి అక్కడ పెట్టారట. దాదాపు రెండు వందలు. తెల్లరాళ్లు, వరసలుగా, అన్నీ ఒకే ఎత్తు. రాయి మీద పేరు, కింద తెగ పేరు. కొన్నింటి మీద 'తెలియదు' అని మాత్రమే. కొన్ని రాళ్ల దగ్గర ఎవరో చిన్న చిన్న బొమ్మలు పెట్టారు, ఒకచోట బొమ్మ కారు. మా చిన్నవాడు అది ఎవరిదని అడిగాడు. 2017 నుంచి కొందరి అవశేషాలను తవ్వి తీసి వాళ్ల సొంతవాళ్లకి అప్పగిస్తున్నారు. అందుకే మధ్యలో అక్కడక్కడా ఖాళీలున్నాయి.

అక్కడ నిలబడి నాకు వెన్నెల_కిన్నెర గారి మాట గుర్తొచ్చింది. గెలిచి వీళ్లు తిరిగొచ్చింది ఇక్కడికే.

పెద్దమ్మాయి స్కూల్ ప్రాజెక్టుకి ఈ సీజన్‌నే ఎంచుకుంది. 'జిమ్ థోర్ప్' అని శీర్షిక రాసుకున్నది కాస్తా కొట్టేసి '1912 జట్టు' అని రాసింది. బెర్గీ ఏ స్థానంలో ఆడేవాడో దానికి కావాలట. అర్కాసా గురించి కూడా ఇంకేమైనా తెలిస్తే చెప్పండి.

పాత_స్కోరుకార్డు
బెర్గీ మామూలుగా సెంటర్. అంటే ప్రతి ఆటలోనూ బంతిని వెనక్కి అందించి, ఎదుటివాడి దెబ్బ మొదట తినేవాడు. అర్కాసా హాఫ్‌బ్యాక్, థోర్ప్‌కి అవతలి చివర. గయాన్ గురించి కూడా అమ్మాయిని రాయమనండి. ఆ తర్వాత జార్జియా టెక్‌లో ఆడాడు, 1966లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. అర్కాసావి ఆర్మీ మీద మూడు టచ్‌డౌన్‌లు. ఆ మూడూ పెద్ద అక్షరాలతో రాయమనండి.